తుప్పు మచ్చ : చికిత్స, వర్ణలేపనం

ఇనుమును నశింపజేయుటకు అగ్ని అక్కరలేదు. గాలి, నీరు కలిసిన చాలును. ఈ నిశ్శబ్ద వినాశనాన్నే తెలుగులో తుప్పు అంటారు. హైదరాబాదు ప్రాంతంలో ఉర్దూ మాట "జంగ్" కూడా తెలుగువారి నోట వినబడుతుంది. "బండికి జంగు పట్టింది" అంటారు. ఉర్దూ లిపిలో తుప్పును తెలిపే మాట "జే" అనే అక్షరంతోను, యుద్ధాన్ని తెలిపే మాట "జీమ్" అనే అక్షరంతోను మొదలవుతాయి. తెలుగు లిపిలో వ్రాసేసరికి ఆ భేదం చెరిగి రెండు మాటలు ఒక్కటే అవుతాయి. ఇనుమునకు, వాతావరణానికి మధ్య ఎడతెగక సాగే పోరునకే తుప్పు అని పేరు గనుక, ఈ కలయిక అసందర్భం కాదు.

మోటారు వాహనం నేడు విలాసవస్తువు కాదు. ఆటోరిక్షా, సరుకుల వ్యాను, పాత స్కూటరు ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. అప్పుచేసి కొన్న పాత బండి తలుపు అడుగున కందిగింజంత ఎర్రమచ్చ కనబడినపుడు, యజమాని సాధారణంగా చేసే పని దానిపై కాస్త రంగు పూయుట. కొన్నాళ్ళు మచ్చ కనబడదు. ఒక వర్షాకాలం గడిచేసరికి ఆ రంగు బుడగవలె ఉబ్బి రాలిపోతుంది. దాని క్రింద రూపాయి బిళ్ళంత గాయం బయటపడుతుంది. కారు శరీరానికి వాడే ఉక్కు రేకు మందం సాధారణంగా 0.7 నుండి 1 మిల్లీమీటరు వరకు మాత్రమే. దానిపై కర్మాగారంలో వేసిన రంగు పొరలన్నీ కలిపినను మందం సుమారు 0.1 మిల్లీమీటరే. ఇంత పలుచని కవచం తొలగిన చోట రేకునకు రంధ్రం పడుటకు ఎక్కువ కాలం పట్టదు. రంధ్రం పడిన రేకును కోసి క్రొత్త రేకు అతికించుటకు అయ్యే ఖర్చు, మచ్చ చిన్నదిగా ఉన్నపుడు అయ్యే ఖర్చుకు అనేక రెట్లు.

తుప్పును కప్పుట వేరు, తుప్పును తొలగించుట వేరు. ఈ ఒక్క సత్యాన్ని కారణాలతోను, ఆచరణ క్రమంతోను వివరించుటయే ఈ వ్యాసం లక్ష్యం.

తుప్పు అనగా నేమి?

ఇనుము ప్రాణవాయువైన ఆక్సిజన్‌తోను, నీటితోను కలిసినపుడు ఏర్పడే ఆర్ద్ర ఐరన్ ఆక్సైడే తుప్పు. పొడి గాలిలో ఇనుము తుప్పు పట్టదు. ఆక్సిజన్ లేని నీటిలోను దాదాపుగా పట్టదు. రెండును కలిసినపుడే ఈ చర్య సాగుతుంది. గాలిలో తేమ, అనగా సాపేక్ష ఆర్ద్రత, సుమారు 60 శాతం మించినపుడు తుప్పు వేగం హెచ్చుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో వాహనాలు త్వరగా చెడిపోవుటకు తేమతో బాటు ఉప్పుగాలి కూడా కారణం. ఉప్పు కరిగిన నీరు విద్యుత్తును సులభంగా ప్రవహింపజేస్తుంది. తుప్పు పట్టుట స్వభావరీత్యా ఒక విద్యుద్రసాయన చర్య.

ఈ మాటను కొంత వివరించవలెను. రంగు గీసుకుపోయిన చోట ఒక నీటిబొట్టు నిలిచినదనుకొందము. ఆ బొట్టు అంచున గాలి ఎక్కువగా అందుతుంది. రంగు పొర క్రిందికి చొరబడిన నీటికి గాలి అంతగా అందదు. గాలి అందే చోటికి, అందని చోటికి మధ్య సూక్ష్మమైన విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న భాగమే ఆనోడుగా మారి అక్కడి ఇనుము కరిగిపోతుంది. అందుచేతనే తుప్పు కంటికి కనబడే మచ్చ వద్ద ఆగక, రంగు క్రిందుగా ప్రక్కలకు ప్రాకుతుంది. పైగా, తుప్పు ఆక్రమించే స్థలం అది పుట్టిన ఇనుము స్థలానికి రెండింతలకు మించి ఉంటుంది. ఆ వ్యాకోచమే పై రంగును పెకలించి బుడగగా లేపుతుంది. తుప్పు పొర రంధ్రమయం గనుక తేమను, ఉప్పును తనలో దాచుకొంటుంది. దానిపై ఎంత ఖరీదైన రంగు పూసినను, ఆ రంగు శత్రువును లోపల ఉంచి తలుపు మూసిన కోటవంటిదే.

మచ్చను పరీక్షించుట

చికిత్సకు ముందు రోగనిర్ణయం అవసరం. వాహనాలపై తుప్పును మూడు దశలుగా విభజింపవచ్చును.

మొదటిది ఉపరితలపు తుప్పు. రాయి తగిలిన చోటనో, గీత పడిన చోటనో నారింజరంగు పొడి కనబడుతుంది. రేకు గట్టిగానే ఉంటుంది. రెండవది గుంటల తుప్పు. రంగు ఉబ్బి, గీకినపుడు లోహంలో సూదిమొన వంటి నల్లని గుంటలు కనబడతాయి. మూడవది రేకును తొలిచిన తుప్పు. స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా నొక్కినపుడు రేకు లొంగిపోయినను, మొన లోనికి దిగినను అది ఈ దశకు చేరినట్లే. తలుపుల అడుగు అంచులయందు తుప్పు తరచుగా లోపలినుండి పుట్టి బయటికి వస్తుంది. అట్టి చోట పైమచ్చ చిన్నదైనను లోపల నష్టం పెద్దదై ఉండవచ్చును.

మొదటి రెండు దశలకు మాత్రమే ఇక్కడ చెప్పబోయే చికిత్స వర్తిస్తుంది. మూడవ దశలో చెడిన భాగాన్ని కోసివేసి క్రొత్త రేకును వెల్డింగు చేయించుట తప్ప మార్గం లేదు. ఛాసిస్, చక్రాల సస్పెన్షన్ బిగించే చోట్లు, తలుపుల క్రింది దూలాలు, సీటు బెల్టు బిగించే స్థానాలు ఇవి వాహనానికి ఎముకలవంటివి. వీటిపై తుప్పు ముదిరినపుడు రంగు పూయుట ప్రాణాపాయాన్ని కప్పిపుచ్చుటయే అవుతుంది. పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాల సమీపంలో నిప్పురవ్వలు లేచే గ్రైండింగు ఎన్నడును చేయరాదు.

పాత బండి కొనువారికి ఒక చిన్న పరీక్ష ఉపకరిస్తుంది. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఉక్కు రేకుపై అంతటా తాకించి చూడవలెను. బలంగా అంటుకొన్న అయస్కాంతం ఒక చోట పట్టు విడిచినచో, అక్కడ రంగు క్రింద లప్పం దట్టంగా ఉన్నట్లు అనుమానింపవలెను. అయితే ఆ భాగం ప్లాస్టిక్కుది గాని, అల్యూమినియంది గాని కాదని ముందుగా నిర్ధారించుకొనుట అవసరం.

పని జరుపు క్రమం

ఒకటి, శుభ్రపరచుట. మచ్చ చుట్టు అడుగు మేర సబ్బునీటితో కడిగి, మంచినీటితో ఉప్పు, మట్టి పోవునట్లు మరల కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. తరువాత మైనం, నూనె జిడ్డును తీసే ద్రావకంతో తుడవవలెను. జిడ్డు తీయుటకు కిరోసిన్ పనికిరాదు. అది తానే నూనెపొరను విడిచిపోతుంది. ఈ పని గరుకు కాగితం పట్టుటకు ముందే చేయవలెను. లేనియెడల జిడ్డు గీతలలోనికి దిగి, తరువాత వేసే రంగును అంటనీయదు. చుట్టుప్రక్కల రంగు చెడకుండ మాస్కింగ్ టేపు, కాగితం అంటించవలెను.

రెండు, తుప్పు తొలగించుట. పని అంతటికిని ఇదే ప్రాణం. ముందుగా ఉబ్బిన రంగును గీకివేయవలెను. పిమ్మట 80 నంబరు ఎమరీ కాగితంతోను, తీగ బ్రష్షుతోను తుప్పును రుద్దివేయవలెను. కనబడే మచ్చ వద్ద ఆగరాదు. రంగు క్రింద తుప్పు ప్రాకి ఉంటుంది గనుక, అన్ని వైపుల మెరిసే లోహం, దాని చుట్టు గట్టిగా అంటుకొన్న రంగు కనబడువరకు విస్తరింపవలెను. కందిగింజంత మచ్చకు అరచేతి నడుమంత స్థలం తెరువవలసి వచ్చినను వెనుకాడరాదు. తరువాత 120, 180 నంబర్ల కాగితాలతో గీతలను నునుపుచేసి, 320తో పాత రంగు అంచును వాలుగా అరగదీయవలెను. వ్రేలితో తడిమినపుడు మెట్టు తగలకూడదు. తగిలినచో చివరి రంగులో అది రేఖవలె కనబడుతుంది. లోహం బయటపడి ఉన్నపుడు నీరు వాడరాదు; తడిసిన ఉక్కు కొద్దిసేపటిలోనే లేత తుప్పు పడుతుంది.

మూడు, రసాయన చికిత్స. ఎంత రుద్దినను గుంటల అడుగున నల్లని చుక్కలు మిగులుతాయి. వీటికి రెండు విధాల రసాయనాలు ఉన్నవి. ఒకటి ఫాస్ఫారికామ్లం. ఇది తుప్పును కరిగించి, లోహంపై ఐరన్ ఫాస్ఫేటు అనే స్థిరమైన పలుచని పొరను ఏర్పరుస్తుంది. ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో ఉక్కును ఫాస్ఫేటు పొరతో రక్షించే విధానానికి పేటెంటు పొందెను. ఆ సూత్రం నేటికిని కార్ల కర్మాగారాలలో ఉపయోగపడుతున్నది. మన దేశంలో దీనికి ప్రాచీన నిదర్శనం కూడా కలదు. ఢిల్లీలో కుతుబ్ మినారు ఆవరణలోని ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా ఎండకు, వానకు నిలిచి ఉన్నది. దాని ఇనుములో భాస్వరం పాలు హెచ్చుగా ఉండుటచే ఉపరితలంపై రక్షకమైన ఫాస్ఫేటు పొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధించి తెలిపిరి. ఢిల్లీ పొడి వాతావరణం కూడా దానికి తోడ్పడినది.

రెండవది టానికామ్లం కలిసిన ద్రావణం. ఇది మిగిలిన తుప్పును నీలిమ కలిసిన నల్లని ఐరన్ టానేటుగా మార్చుతుంది. ఈ చర్య తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ కళాకారులు కరక్కాయ రసంలో ముంచిన గుడ్డపై, తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన ద్రావణంతో గీత గీసినపుడు నల్లరంగు పుడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలియుటయే దానికి కారణం. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వులు చేసిన సిరా రహస్యం కూడా ఇదే. గుడ్డపై బొమ్మను నిలిపే చర్యయే ఇక్కడ రేకుపై తుప్పును అణచుటకు ఉపయోగపడుతున్నది.

అయితే ఈ ద్రావణాలు గరుకు కాగితానికి బదులు కావు. పొడిపొడిగా రాలే దట్టమైన తుప్పుపై పోసినచో అవి పై పొరను మాత్రమే మార్చి, లోపలి తుప్పును విడిచిపెడతాయి. డబ్బాపై వ్రాసిన సమయం మేరకే ఉంచి, అందులో చెప్పిన రీతిగా తుడిచి లేదా కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టవలెను. మిగిలిన ఆమ్లం తరువాత వేసే ప్రైమరును, లప్పాన్ని సరిగా గట్టిపడనీయదు.

నాలుగు, ప్రైమరు. శుద్ధమైన లోహాన్ని రాత్రి గాలికి విడిచిపెట్టరాదు; తెల్లవారుసరికి మంచు తగిలి మరల ఎర్రబడుతుంది. అదే దినం ప్రైమరు వేయవలెను. బజారులో చౌకగా దొరికే రెడ్ ఆక్సైడు ప్రైమరు సాధారణ ఇనుప సామానుకు చాలును. వాహనపు రేకుకు, హార్డెనరు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు మేలు. అది లోహాన్ని గట్టిగా పట్టుకొని తేమను బాగుగా అడ్డగిస్తుంది. ఒకేసారి దట్టంగా కాక, రెండు పలుచని పూతలుగా వేయవలెను.

ఐదు, లప్పం. గుంట మిగిలినపుడు మాత్రమే దీని అవసరం. కారు పనికి వాడే పాలిస్టరు లప్పం నీటిని పీల్చుకొనే స్వభావం కలది. కనుక దాని క్రిందను, మీదను ప్రైమరు ఉండుట మంచిది. లప్పం ఉపరితలాన్ని సమం చేయుటకే గాని రంధ్రం పూడ్చుటకు కాదు. ఆరిన పిమ్మట 180, 320 నంబర్లతో పొడిగా అరగదీసి, దుమ్ము తుడిచి, మరియొక పూత ప్రైమరు వేయవలెను. అది ఆరిన తరువాత 400, 600 నంబర్ల వాటర్ పేపరుతో నీరు చల్లుచు నునుపు చేయవచ్చును. ఎక్కడైనను లోహం మరల బయటపడినచో అక్కడ తిరిగి ప్రైమరు పూయవలెను.

ఆరు, రంగు. వాహనపు రంగుకు ఒక సంకేత సంఖ్య ఉంటుంది. అది చాలా కార్లలో తలుపు స్తంభంపైనో, బానెట్ క్రిందనో అంటించిన ఫలకంపై కనబడుతుంది. అయితే పాత బండి రంగు ఎండకు వెలిసి ఉంటుంది గనుక, సంఖ్యను మాత్రమే నమ్మక, అట్టముక్కపై పూసి ఆరిన తరువాత పగటి వెలుగులో సరిపోల్చుకొనవలెను. తెలుపు, నలుపు వంటి సాదా రంగులు సులభంగా కలుస్తాయి. లోహపు మెరుపు గల రంగులు కలుపుట కష్టం. స్ప్రే డబ్బాను రెండు నిమిషాలు బాగుగా కుదిపి, రేకునకు 20 నుండి 25 సెంటీమీటర్ల దూరంలో సమాంతరంగా కదల్చుచు పలుచని పూతలు వేయవలెను. ప్రతి పూతకు మధ్య 10 నుండి 15 నిమిషాల విరామం ఇవ్వవలెను. తొందరపడి దట్టంగా వేసిన రంగు కన్నీటి చారలవలె జారుతుంది. వర్షపు దినాలలో గాలిలోని తేమ రంగు పొరలో చేరి పొగమంచు వలె తెల్లబారుతుంది. మండుటెండలో ద్రావకం త్వరగా ఎగిరిపోయి ఉపరితలం గరుకుబారుతుంది. కనుక వర్షం లేని దినాన, మంచు ఆరిన తరువాత, నీడపట్టున పనిచేయుట ఉత్తమం.

ఏడు, క్లియరు, మెరుగు. నేటి కార్లలో రంగుపై పారదర్శకమైన క్లియరు పొర ఉంటుంది. మెరుపును, ఎండనుండి రక్షణను ఇచ్చునది అదే. రెండు మూడు పూతలు వేసి, డబ్బాపై సూచించిన కాలం గట్టిపడనిచ్చి, 1500 లేక 2000 నంబరు వాటర్ పేపరుతో అంచులను తేలికగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టవలెను. మైనపు పాలిష్ మాత్రం సుమారు నెల దినాలు పూయకుండుట మంచిది. లోపలి ద్రావకం పూర్తిగా బయటికి పోవలెను.

పనిచేయువాని ఆరోగ్యం

రేకును కాపాడబోయి ఊపిరితిత్తులను పోగొట్టుకొనరాదు. పాత రంగులలోను, పాత ప్రైమర్లలోను సీసపు సమ్మేళనాలు ఉండవచ్చును. ఇండ్ల రంగులలో సీసాన్ని పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు పరిమితం చేయుచు మన దేశంలో 2016లో నియమాలు వెలువడినవి గాని, అవి గృహాలంకరణ రంగులకు సంబంధించినవి. కనుక పాత బండిని గీకునపుడు లేచే ధూళిని పీల్చరాదు. దానిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. భోజనానికి ముందు చేతులు కడుగుకొనవలెను.

హార్డెనరు కలిపి వాడే అనేక పాలీయురిథేను రంగులలోను, క్లియర్లలోను ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఉబ్బస వ్యాధిని కలిగింపగలవు. ఒకసారి ఆ వ్యాధి పట్టినవానికి తరువాత స్వల్ప పరిమాణం సైతం ప్రమాదకరం. ముక్కుకు కట్టుకొన్న చేతిరుమాలు వీటిని ఏ మాత్రం ఆపజాలదు. వీటిని చిమ్ముటకు తగిన రక్షణ పరికరాలు, గాలి తోడే ఏర్పాటు గల చోటు అవసరం. ఇంటివద్ద పని చేసికొనువారు అట్టి రంగుల జోలికి పోకుండుటే క్షేమం. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో చిన్న వయసులోనే పనిలో చేరినవారు ఈ ధూళిని, ఆవిరిని దినమంతా పీల్చుచున్నారన్న సంగతి మనం మరువరాదు. వారికి తగిన మాస్కు ఇచ్చుట యజమాని దయ కాదు, బాధ్యత.

మరల రాకుండుటకు

తలుపుల అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడినచో తలుపు లోపల నీరు నిలిచి రేకును తినివేస్తుంది. వర్షాకాలానికి ముందు వాటిని పుల్లతో తెరువవలెను. మడ్‌గార్డుల లోపలి అంచున చేరిన బురదను కడిగివేయవలెను. తడిసిన కాలిపట్టాలను ఎండలో ఆరవేయవలెను. తడి బండిపై గాలి ఆడని ప్లాస్టిక్ ముసుగు కప్పుట మేలుకంటె కీడు ఎక్కువ చేస్తుంది. సముద్రతీరానికి వెళ్ళివచ్చిన బండిని అడుగుభాగంతో సహా మంచినీటితో కడుగవలెను.

నేటి వాహనాలలో జింకు పూత గల రేకుల వాడుక విస్తరించినది. జింకు ఇనుముకంటె ముందుగా తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది. ఈ విధమైన రక్షణను హంఫ్రీ డేవీ 1824లో ఓడల రాగి రేకుల విషయంలో చూపగా, ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ 1837లో ఇనుముపై జింకు పూతకు పేటెంటు పొందెను. అట్టి రేకును అవసరానికి మించి అరగదీసినచో ఆ రక్షణ పొరను మనమే తొలగించినవారమవుతాము. కనుక తుప్పు ఉన్నంతమేర మాత్రమే లోహాన్ని తెరువవలెను.

ముగింపు

కళాశాలలో విద్యార్థులు విద్యుద్రసాయన ఘటాన్ని గాజుపాత్రలో చూస్తారు. అదే ఘటం వీధిలో నిలిచిన ప్రతి పాత బండి తలుపు అడుగునను పనిచేయుచున్నది. పాఠాన్ని, షెడ్డును కలుపుటకు ఒక సులభమైన ప్రయోగం కలదు. పాత ఇనుము అంగడినుండి తుప్పు మచ్చలున్న ఒక తలుపు రేకును తెచ్చి, దానిని మూడు భాగాలుగా గీత గీయవలెను. మొదటి భాగంలో తుప్పుపైననే రంగు పూయవలెను. రెండవ భాగంలో పైపైన రుద్ది ప్రైమరు లేకుండ రంగు వేయవలెను. మూడవ భాగంలో ఇక్కడ వివరించిన క్రమమంతటిని పాటింపవలెను. పూర్తయిన దినాన మూడును ఒకే విధంగా మెరుస్తాయి. చూచువానికి భేదం తెలియదు. ఆ రేకును మేడపై ఒక వర్షాకాలం ఉంచి, నెలకొకసారి పరిశీలించి వ్రాసిపెట్టుకొనవలెను. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. కళాశాల సంఘంవారు ఈ ప్రయోగాన్ని రసాయన శాస్త్ర విద్యార్థులచే చేయించినయెడల, ఆ విద్యార్థులు పాఠంతో బాటు, రేపు తమ ఇంట పాత బండి కొనునపుడు మెరుపును చూచి మోసపోని దృష్టిని కూడా సంపాదించుకొనగలరు.